మిస్కా బొమ్మ ఉన్న డబ్బా

ఆ గంట మొదలయ్యేసరికి నా దగ్గర ఉన్నవి ఇవి: పొడుగు గలాబియా అంగీ కుడి జేబులో అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, ఒళ్ళో ఎవరూ తాగని కర్కదే పూల టీ ఫ్లాస్కు, ఎదురుగా మూసిన తలుపు, ఆ తలుపు వెనక మంచం మీద నా కూతురు నబ్రా. వీటితో పాటు డాక్టర్ ఇరీనీ మళ్ళీ అడిగి వెళ్ళిన ప్రశ్న. "ముఖానికి ఏమైనా రాసుకుంటుందా మీ అమ్మాయి? క్రీములు, కలిపి అమ్మే మందులు, బజారు సరుకు, ఏదైనా సరే, చెప్పండి." నా భార్య సమ్హా నా కంటే ముందే అందుకుంది. "అబ్బే, సబ్బు తప్ప ఏదీ ముట్టదమ్మా. మా ఆయనది అత్తర్లు, సుగంధ ద్రవ్యాల కొట్టు. అలాంటివి ఇంట్లోకి రానివ్వడు." డాక్టర్ నా వైపు చూసింది. నేను బిగించే ఉన్న ఫ్లాస్కు మూతని మళ్ళీ బిగించాను. "రెండు రోజులుగా ఇస్తున్న మందుకి కిడ్నీలు లొంగడం లేదు. కారణం తెలిస్తే దారి దొరుకుతుంది. తెలియకపోతే వీపు వైపు నుంచి సూది దింపి కిడ్నీ ముక్క తీసి కైరో పంపాలి. జవాబు వచ్చేదాకా కిడ్నీలు ఆగుతాయని నేను మాట ఇవ్వలేను. గంటలో వస్తాను, ఈలోపు ఏదైనా గుర్తొస్తుందేమో చూడండి," అని పక్క వార్డుకి వెళ్ళిపోయింది. సమ్హా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. గుర్తు తెచ్చుకోవాల్సిన అవసరం నాకు లేదు, అది నా జేబులో ఉంది.

పొద్దున దుప్పటి మార్చడానికి తలగడ ఎత్తితే దొరికింది. మూత తీయకుండానే సగానికి పైగా అయిపోయిందని చెయ్యి చెప్పింది. ముప్పై ఏళ్ళుగా సుగంధాలు తూచిన చెయ్యి ఇది, యాలకులైనా గంధపు చెక్కైనా కాటాలో వెయ్యకముందే ఇంత అని చెప్తుంది, అస్వాన్ బజారులో నా చేతితో పందెం కాసి ఓడినవాళ్ళు ఉన్నారు. అందుకే రెండేళ్ళ కిందట కైరో నుంచి ఆ తెల్ల ముద్ద డబ్బాని మొదటిసారి దించుకున్నప్పుడు కూడా నా చేతికి తెలిసింది, వెన్నలాంటి ముద్దకి ఉండాల్సిన బరువు కాదది, లోపల లోహం లాంటిదేదో ఉంది. తెచ్చినవాణ్ణి అడిగాను, "ఏముందోయ్ ఇందులో?" వాడు నవ్వాడు. "నీకు మీ ఆవిడ వంట రహస్యాలు తెలుసా హాజీ? తినడం లేదూ!" నేనూ నవ్వాను. దాన్ని మందుల కొట్టులో దొరికే దురద క్రీముతో, వాసెలిన్‌తో, రోజా నీళ్ళతో కలపడం మొదలుపెట్టాను. మూడో రోజుకి నా వెండి ఉంగరం మీద మరకలు లేచాయి, ఎంత తోమినా పోలేదు. అప్పుడు నేనేం చేశాను? కలపడం మానలేదు. ఉంగరం తీసి తాకట్టులా పక్కన పెట్టి కలిపాను. రెండేళ్ళు ఉంగరాన్ని కాపాడుకున్నాను. ఇంటికి వచ్చి సమ్హాతో, పిల్లతో, ఆ సరుకు జోలికి రావద్దని గట్టిగా చెప్పాను, కారణం చెప్పలేదు. నాకు తెలియదని దేవుడి ముందు నిలబడి కూడా అనలేను, నా ఉంగరమే సాక్ష్యం చెప్తుంది.

జేబులో నా బొటనవేలి గోరు దానంతటదే డబ్బా మీది కాగితం అంచు కిందికి దూరుతోంది. కాగితం మీద మిస్కా ముఖం. ఏ మిస్కా అని మా ఊళ్ళో ఎవరూ అడగరు. డ్యామ్ నీళ్ళకి ఊరు పోగొట్టుకుని కొమ్ ఒంబో వైపు ఇళ్ళు పొందిన కుటుంబం ఆమెది, మా లాగే. పద్నాలుగేళ్ళప్పుడు పెళ్ళిళ్ళలో తప్పెట వాయిస్తూ మా నూబియా భాషలో పాడేది, నల్లగా, బక్కగా, నెత్తి నిండా సన్నటి జడలతో, ముసలమ్మలు ఆమె గొంతుకి ఏడ్చేవాళ్ళు. తర్వాత కైరో టీవీ వాళ్ళు పిలిచారు. ఆ కథ మా బజారులో ప్రతివాడూ తన కళ్ళతో చూసినట్టే చెప్తాడు: ముఖానికి తెల్ల పౌడరు దట్టించారట, జడలు విప్పి జుట్టు ఇస్త్రీ చేశారట, ఇక దీపాలు వెలుగుతాయనగా ఆమె లేచి బయట కుళాయి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కుని, తడి ముఖంతోనే వచ్చి నిలబడి పాడిందట. గడ్డం నుంచి నీళ్ళు కారుతుంటే పాడిన ఆ పాట ఈ దేశంలో వినని ఇల్లు లేదు. ఆ రాత్రి మా కాఫీ కొట్టు దగ్గర మగవాళ్ళు లేచి నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. రైల్లో వంటవాళ్ళుగా, పెద్దిళ్ళలో తలుపు తీసేవాళ్ళుగా తప్ప మమ్మల్ని చూపించని ఆ పెట్టెలో మా ముఖం, కడిగిన ముఖం, కనిపించింది. నబ్రాకి అప్పుడు ఆరేళ్ళు. తర్వాతి చలికాలంలో మా బంధువుల పెళ్ళికి మిస్కా వచ్చినప్పుడు పిల్ల జనం కాళ్ళ మధ్య నుంచి దూరి వెళ్ళి ఆమె తప్పెట పట్టుకుంది. "పేరేంటే నీది?" "నబ్రా." "అంటే బంగారానివన్నమాట. చూడు, బంగారానికి ఎవరైనా సున్నం వేస్తానంటే వెయ్యనిస్తావా?" "వెయ్యనివ్వను!" "కొరుకుతావా?" "కొరుకుతాను!" జనం నవ్వారు. పిల్ల నెల రోజులపాటు మా ఇంటి మేకతో సహా అందరికీ అదే మాట చెప్పింది.

గోరు కింద కాగితం కొంచెం లేచింది. ఇది చింపేస్తే? ఉత్త డబ్బా డాక్టర్ చేతిలో పెట్టి, "కైరో నుంచి కొనుక్కొచ్చుకున్నట్టుంది, పొద్దున తలగడ కింద దొరికింది," అంటే? సగం నిజం. దురద క్రీము సంగతి, తెల్ల ముద్ద ఎంత పాలు కలిసిందో ఆ సంగతి చెప్పకపోయినా, డబ్బాలో ఉన్నదేదో వాళ్ళే పట్టుకుంటారు, వారమో పది రోజులో పడితే పడుతుంది. పది రోజులు. బేరం ఆడుతున్నాను. బేరగాడి బుర్ర దేవుడితో కూడా బేరమే ఆడుతుంది: కొట్టు ఉండనీ, పిల్ల ఉండనీ, పిల్ల కళ్ళల్లో నేను ఉండనీ, ఈ మూడింటిలో ఏది తగ్గించుకుంటావో చెప్పు, ఇంకో మాట చెప్పు, నీదీ కాదు నాదీ కాదు మధ్యలో ఒక మాట చెప్పు. తలుపు సందులో నుంచి సమ్హా గొంతు వినిపిస్తోంది, పిల్ల కాళ్ళు ఒత్తుతూ ఏదో చెప్తోంది. ఒత్తిన చోట వేలు గుంట పడి అలాగే ఉండిపోతోంది, పొద్దున నేనే చూశాను, తడి బంకమట్టిలో పడినట్టు నా వేలి గుర్తు నా కూతురి కాలి మీద ఉంది.

పోయిన శరదృతువులో కైరోలో పాటల పోటీకి వెళ్ళింది. నెత్తి నిండా సన్నటి జడలు, మిస్కా లాగే, రెండు రోజులు కూర్చుని సమ్హా అల్లింది. రైలు దిగి వచ్చినప్పుడు జడలు అలాగే ఉన్నాయి, ముఖమే మారింది. "గొంతు బాగుందన్నారు నాన్నా. ముఖం దీపాలకి ఆనదన్నారు. ఒకాయన నన్ను చూసి, ముందు కరెంటు వెయ్యండిరా, అమ్మాయి కనపడాలి కదా అన్నాడు. అందరూ నవ్వారు." నబ్రా తలెత్తి, "మిస్కాని కూడా ఇలాగే అన్నారుగా. ఆమె కడుక్కుంది. నేను మళ్ళీ వెళ్తాను," అంది. తన మంచం పక్క గోడ మీది మిస్కా బొమ్మ అంచుకి ఊడిన మేకుని మళ్ళీ కొట్టింది. ఆ సుత్తి చప్పుడు నాకు హాయిగా ఉండింది, పిల్ల నిలబడింది అనుకున్నాను. అప్పటికే నా కొట్టులో మిస్కా బొమ్మ డబ్బాలు మూడు వరసలు ఉన్నాయి. ఉత్త డబ్బా ఎవరూ కొనడం లేదని, ముఖం ఉంటే కొంటారని, ఆడవాళ్ళు నమ్మే ముఖం ఒక్కటే ఉందని, ఆమె బొమ్మ తీసుకెళ్ళి అచ్చు వేసేవాడికి ఇచ్చాను. "రెండు మెట్లు తెల్లగా లాగు," అన్నాను. వాడు మూడు మెట్లు లాగాడు. "హాజీ, అమ్మాయి పాలల్లో పడినట్టుంది," అన్నాడు. "పడనీ, తేలుతుందిలే," అన్నాను. ఎంత తేలిగ్గా మాట్లాడేవాణ్ణి.

ఇక ఆ మధ్యాహ్నం. దాని చుట్టూ ఎంతసేపు తిరిగినా చివరికి అక్కడికే వస్తాను. నబ్రా తెర వెనక కూర్చుని నాకు సాయంగా గోరింటాకు పొడి పొట్లాలు కడుతోంది. ఒకామె డబ్బా ఎత్తి చూసి వెటకారంగా అంది, "ఏం బాబాయ్, మిస్కా ఖర్జూరం గింజలా ఉంటుంది, ఆమె ఇది రాసుకుంటుందంటే మా చెవుల్లో పువ్వులు పెడుతున్నావా?" నా నాలుక ఆలోచించదు, ముప్పై ఏళ్ళ అలవాటు. "అంతకు ముందు ఎలా ఉండేదో నువ్వు చూశావా తల్లీ? ఇది రాసే ఆ మాత్రం తేలింది. దీపాల ముందు నిలబడేవాళ్ళు ఏం రాసుకుంటారో లోకానికి చెప్తారా? నా దగ్గరే తీసుకెళ్తుంది. వల్లాహి." దేవుడి మీద ఒట్టు. మా బజారులో ఆ ఒట్టు పావు కిలో జీలకర్రకి కూడా వేస్తాం, ఒకటికి రెండుసార్లు, కొనేవాళ్ళూ అంత వరకే నమ్ముతారు, అది సరుకు చుట్టే కాగితం లాంటిది. ఆమె నవ్వుతూ రెండు డబ్బాలు కొనుక్కుని పోయింది. తెర వెనక పొట్లాలు కట్టే చప్పుడు ఆగింది. నేను విన్నాను అది ఆగడం. కాసేపటికి మళ్ళీ మొదలైంది. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే అడిగింది, "నాన్నా, నిజమేనా?" ఏది అని నేను అడగలేదు, ఏదో ఆమె చెప్పలేదు. "వ్యాపారంలో అన్నీ నిజమేనే," అన్నాను. బజారు ఒట్టుకి ఉన్న విలువ బజారు మనుషులకి తెలుసు. ఇంట్లో పెరిగిన పిల్లకి తండ్రి వేసిన ఒట్టు ఒట్టే. పది రోజుల తర్వాత గోడ మీద బొమ్మ లేదు. మళ్ళీ పోటీకి వెళ్ళాలి కదా, జడలు ఎప్పుడు అల్లాలి అని సమ్హా అడిగితే, "ముందు ముఖం కుదరాలి," అందట. సమ్హా నాతో చెప్పింది. నేను ఎండు నిమ్మకాయల బస్తా దించుకుంటున్నాను.

"అవద్ బాబాయ్! మీరేంటి ఇక్కడ?" బెంచీ కదిలింది. బజారు వెనక వీధిలో ఉండే అమ్మాయి, పేరు వాసిఫా, పోయిన నెల కూడా కొట్టుకి వచ్చింది. ముఖం తెల్లగా ఉంది, మెడ నల్లగా ఉంది, రెండింటి మధ్య సరిహద్దు గీత. వాళ్ళమ్మ చెయ్యి విరిగితే కట్టు కట్టించడానికి వచ్చిందట. మా పిల్లకి ఒంట్లో బాలేదని చెప్పాను. "అయ్యో, దేవుడు చల్లగా చూస్తాడు," అని ఒక నిమిషం బాధపడింది, నిజంగానే పడింది, ఆ తర్వాత గొంతు తగ్గించింది. "ఇలాంటి చోట అడుగుతున్నానని అనుకోకండి. మిస్కా డబ్బా అయిపోయింది. మా చెల్లి నిశ్చితార్థం వచ్చే నెల. దానికి రెండు కావాలి." "సరుకు లేదమ్మా," అన్నాను. "మీరెప్పుడూ ఇంతే! లేదంటారు, రేటు పెంచి లోపలి నుంచి తీస్తారు." "నిజంగా లేదు." "వల్లాహి అనండి చూద్దాం." నేను అనలేకపోయాను. ఆమె గెలిచినట్టు నవ్వింది. "చూశారా! దాచారు. నాకు తెలుసుగా. రెండు పక్కన పెట్టండి, చెల్లికి పదహారేళ్ళు, మొదటిసారి రాస్తోంది, కొంచెం ఘాటు తక్కువది అయితే ఇంకా మంచిది." కట్టు కట్టే గదిలో నుంచి వాళ్ళమ్మ అరిస్తే పరుగెత్తింది. పదహారేళ్ళు. జేబులో వేలు కింద కాగితం సగం ఊడి చుట్టుకుపోయింది. వాసిఫా ఒకతి, ఖర్జూరం గింజ అని వెక్కిరించిన ఆమె రెండు, మా వీధి చివర కుట్టుపని చేసే సాదియా, పడవ నడిపే బకీత్ పెళ్ళాం, బడిలో పాఠాలు చెప్పే ఆ పొడుగాటి అమ్మాయి, ముఖాలు ఒక్కొక్కటే వచ్చి కాటా ముందు నిలబడుతున్నాయి, ప్రతి ముఖం కింద మెడ నల్లగా, ప్రతివాళ్ళకీ నేను ఒట్టు వేశాను. వీళ్ళలో ఎవరి కాళ్ళు వాచాయో, ఎవరు చెప్పులు పట్టడం లేదని కొత్తవి కొనుక్కున్నారో నాకెలా తెలుస్తుంది?

మిస్కా ఒకసారి కొట్టుకే వచ్చింది. ఇన్నాళ్ళూ దీన్ని ఒక నవ్వులాటగా కాఫీ కొట్టు దగ్గర చెప్పుకున్నాను. ఆరు నెలలైంది, వాళ్ళమ్మకి గంధం చెక్క కొనడానికి వచ్చింది, నల్లటి బట్టలో, జడలు నెరుస్తున్నాయి. నేను తూచేలోపు ఆమె చెయ్యి చాచి వరసలో నుంచి ఒక డబ్బా తీసింది. ఆ బొమ్మని చాలాసేపు చూసింది, దగ్గరగా, దూరంగా. "ఈ అమ్మాయి ఎవరు బాబాయ్?" అని అడిగింది. "ఎవరో సిరియా పిల్లమ్మా," అన్నాను. "పాపం," అంది. మెల్లగా, బొమ్మ లోపలి వైపుకి తిప్పి యథాస్థానంలో పెట్టింది, గంధం తీసుకుని వెళ్ళిపోయింది. తనని తానే గుర్తు పట్టలేదర్రా అని చెప్పి అందరినీ నవ్వించాను. ఈ బెంచీ మీద, ఈ గంటలో, మొదటిసారి నాకు ఆ 'పాపం' అన్న మాట వినిపిస్తోంది. ఆమె గుర్తు పట్టింది. గుర్తు పట్టి, కాదంది. తన ముఖాన్ని ఇంకొకరు తెల్లగా చేసి చూపిస్తే ఇది నేను కాదని ఒక్క మాటలో తేల్చుకుని తన గంధం తను కొనుక్కుని పోయింది. అంత తేలిక అది ఆమెకి. నేను తలుపు వైపు చూశాను. ఈ సంగతి తెలియవలసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది, ఆమెకి తప్ప బజారంతా చెప్పాను.

డాక్టర్ ఇరీనీ చెప్పుల చప్పుడు వినిపించినప్పుడు లేచి నిలబడ్డాను, ఫ్లాస్కు ఒళ్ళో నుంచి పడి దొర్లింది. జేబులో నుంచి డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాను. కాగితం మీద జడలు తప్ప ఏమీ మిగల్లేదు. "ఇది రాసుకుంది. నాలుగైదు నెలలుగా అయి ఉండాలి. నేనే కలిపాను. నా కొట్టు సరుకే." ఏవి ఎన్ని పాళ్ళు కలిశాయో, తెల్ల ముద్ద ఎక్కడిదో, ఉంగరం సంగతి కూడా చెప్పాను. ఆమె మూత తీసి చూసింది, మూసేసింది. "పాదరసం," అంది. "రక్తంలో చూడమని ఇప్పుడే పంపిస్తాను. నిజమైతే దాన్ని బయటికి లాగే మందు ఉంది, కైరో నుంచి రేపటికి తెప్పిస్తాను. కిడ్నీలు మళ్ళీ కోలుకోవచ్చు. పూర్తిగానా అంటే చెప్పలేను." ఆగి, "రెండు రోజుల నుంచి అడుగుతున్నాను హాజీ," అంది. తిట్టి ఉంటే బాగుండేది. "ఇంకెంతమందికి ఇచ్చారు?" "పేర్లు చెప్తాను, రాసుకోండి. తెలిసినవాళ్ళవి చెప్తాను, తెలియనివాళ్ళని వెతికి పట్టుకోవాలి. కట్టు కట్టే గదిలో ఒకమ్మాయి ఉంది, ముందు ఆమెని పిలవండి." "ఇది పోలీసులకి వెళ్తుంది, మీకు తెలుసుగా?" "తెలుసు. పిల్లతో ఒక మాట చెప్పి వస్తాను."

లోపల సమ్హా లేచి నా ముఖం చూసి, ఏమీ అడగకుండానే, "నబ్రా నాన్నా, ఏం చేశావ్?" అంది. నబ్రా ముఖం ఉబ్బి కళ్ళు గీతలుగా మారాయి, ఆ గీతల్లో నుంచి నన్ను వెతుక్కుంది. నేను మంచం పక్కన కింద కూర్చున్నాను. "మిస్కా అది ఎప్పుడూ రాసుకోలేదమ్మా," అన్నాను. "బొమ్మ నేను దొంగతనంగా వేశాను. తెల్లగా చేయించాను. ఆ రోజు కొట్టులో అన్నది అబద్ధం." "ఒట్టేసి చెప్పావుగా," అంది నబ్రా. "వేశాను." "ఇప్పుడు కూడా వేస్తావా?" "వెయ్యను. నా ఒట్టుకి ఇక విలువ లేదు. ఏం జరిగిందో చెప్తాను, నమ్మితే నమ్ము." గంధం సంగతి చెప్పాను, ఆమె డబ్బా ఎలా పట్టుకుందో, ఎంతసేపు చూసిందో, ఏమని అడిగిందో, ఏమందో, బొమ్మని ఎటు తిప్పి పెట్టిందో. ఒక్క మాట కలపలేదు, ఒక్కటి తగ్గించలేదు. సమ్హా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. నబ్రా కళ్ళు మూసుకుంది, నిద్రపోయిందేమో అనుకున్నాను. "పాపం అందా?" అని అడిగింది. "అంది." ఉబ్బిన పెదవులు కొంచెం కదిలాయి, అది నవ్వో ఏడుపో నేను తేల్చుకోలేకపోయాను. "అయితే నా ముఖం కడుగు నాన్నా," అంది.

తువ్వాలు తడిపి కడిగాను, నుదురు, రెప్పలు, ముక్కు పక్కలు, గడ్డం. వాపు మీద చేతి బరువు పడకుండా కడిగాను, కుంకుమపువ్వు తూచేటప్పుడు కూడా అంత మెల్లగా చెయ్యి కదిలించలేదు. నీళ్ళు గడ్డం మీదుగా మెడలోకి కారాయి, తుడవబోతే వద్దంది. వరండాలో డాక్టర్ నన్ను పిలుస్తోంది, వాసిఫా గొంతు ఎందుకు ఎందుకు అని అడుగుతోంది.

ఆ గంట ఆఖరికి లెక్క ఇది. డబ్బా పోయింది. కొట్టు పోతుంది, దానితో పాటు నా పేరూ పోతుంది. కిడ్నీల సంగతి రేపు రాబోయే మందు చేతిలో ఉంది. ఇక వచ్చింది అంటారా, నేను ఒట్టు వెయ్యకుండా చెప్పిన మాట ఒక్కటి నా కూతురు నమ్మింది. అంతే.